పెద్దక్క పాడని చోట్లు

పెద్దక్క పాడటం లేదని చిన్నక్కకు తెలిసి ఏడాదిన్నర అయింది. ఎవరికీ చెప్పలేదు. కడుపులో దాచుకుని కూర్చుంది.

అసలే పాడటం లేదని కాదు. పైన, మధ్యన ఉండే స్వరాలన్నీ శుభ్రంగా పాడుతుంది. బాగా అడుక్కి దిగే చోట్లు కొన్ని ఉంటాయి, ఛాతీలోంచి తోడి తీయాల్సినవి. అక్కడ మాత్రం ఆవిడ నోరు తెరుచుకుంటుంది, పెదాలు మాటను పలుకుతాయి, శబ్దం రాదు. ఎదురుగా నిలబడి చేతులు ఊపే మేడమ్‌కే ఆ సంగతి తెలియదు. చిన్నక్కకు తెలిసింది చెవి వల్ల కాదు, భుజం వల్ల. ఆ బృందంలో ఎనిమిది మంది ఆడవాళ్ళు. వాయిద్యాలేవీ లేవు, ఉన్నవి గొంతులే. అర్ధచంద్రాకారంలో ఒకరినొకరు ఆనుకుని నిలబడి పాడతారు. అడుగు స్వరం పలికిందంటే పక్కనున్న మనిషి భుజంలోకి సన్నటి వణుకు వచ్చి తీరుతుంది. పదమూడేళ్ళు ఆ వణుకుకు అలవాటు పడిన భుజానికి, అది రావడం మానేస్తే తెలియకుండా ఎలా ఉంటుంది?

అడుగు గొంతులు వాళ్ళిద్దరివే. పెద్దదాన్ని పెద్దక్క అనీ, ఆమె కంటే తొమ్మిదేళ్ళు చిన్నదాన్ని చిన్నక్క అనీ తక్కిన ఆరుగురూ పిలుస్తారు. ఇద్దరు ఎందుకంటే ఊపిరి కోసం. ఒకరు ఊపిరి తీసుకునే క్షణంలో ఇంకొకరు స్వరాన్ని పట్టుకోవాలి. ఇద్దరూ ఒకేసారి తీసుకున్నారా, కింద గొయ్యి పడుతుంది, పైన పాడేవాళ్ళందరూ అందులో పడతారు. అలాంటిది, ముఖ్యమైన చోట్లన్నీ ఇప్పుడు తనొక్కతే మోస్తోంది. జీతం ఇద్దరికీ సమానమే. చిన్నక్కకు ఒళ్ళు మండేది. అయినా చెప్పలేదు. వయసు మీద పడిన మనిషి, అడుక్కి దిగలేకపోతోంది, ఎలా నెట్టుకొస్తోందో ఏమో పాపం అనుకునేది. అలా అనుకున్నప్పుడల్లా తన మంచితనానికి తనకే కాస్త ముచ్చటేసేది కూడా. అబద్ధమెందుకు?

ఆ సోమవారం రిహార్సల్లో కొత్త పాట మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా పాడారు. పద్నాలుగు నిమిషాలు, అందులో బాగా అడుక్కి దిగే చోట్లు పదకొండు. అయిపోగానే మేడమ్ శ్రుతిదండాన్ని, శ్రుతి చూసే ఆ రెండు కొమ్ముల ఉక్కు కడ్డీని, మోకాలిచిప్ప మీద కొట్టి చెవి దగ్గర పెట్టుకుంది. పాటకు ముందు ఒకసారి, పాట అయ్యాక ఒకసారి ఆమె అలా చూస్తుంది. చివరి స్వరం దానితో కలవాలి. మేడమ్ కళ్ళు మూసుకుని విని, తల అడ్డంగా ఊపింది.

"మళ్ళీ దిగిపోయారు. ఎనిమిది మందీ చక్కగా చేతులు పట్టుకుని మెట్టు దిగారు. ఏడాది నుంచీ ఇదే వరస. దిగడం బాగానే వచ్చు మీకు. నిలబడటం ఎప్పుడు నేర్చుకుంటారు?"

"నేను పైనే ఉన్నాను మేడమ్," అంది పిట్ట. అందరికంటే పై గొంతు ఆమెది, అందరికంటే ముందు లేచే నోరూ ఆమెదే.

"పైన ఉన్నాననుకుంటున్నావు. అందరూ కలిసి దిగితే, దిగుతున్నట్టు ఎవరికీ తెలీదు."

చిన్నక్క పక్కకు చూసింది. పెద్దక్క కాగితాల అంచులు సరిచేస్తోంది. సరిగానే ఉన్న అంచుల్ని మళ్ళీ మళ్ళీ సరిచేస్తోంది. అడుగున నువ్వు గట్టిగా ఉంటే పైవాళ్ళు ఎందుకు దిగుతారు, ఇన్ని తిట్లూ నీ వల్లే కదా అని చిన్నక్క మనసులో అనుకుంది.

మేడమ్ వెంటనే వాళ్ళను వెళ్ళిపొమ్మనలేదు. కుర్చీలో కూర్చుంది. ఆమె కూర్చుని మాట్లాడిందంటే మంచి కబురు కాదని అందరికీ తెలుసు.

"జీతాలిచ్చే కమిటీ వాళ్ళు ఉత్తరం పంపారు. వచ్చే ఏడు నుంచి ఏడుగురే. అడుగు గొంతు ఒక్కటి చాలట. పాడేవాళ్ళెవరూ లేరు ఆ కమిటీలో, ఏం చెప్పినా తలకెక్కదు. ఎవరిని ఉంచాలో వారం చివర్లోగా నేను చెప్పాలి." ఉత్తరం మడిచి పక్కన పెట్టింది. "రేపు రికార్డింగు ఉంది. ఈసారి కొత్త పద్ధతి. అందరికీ కలిపి ఒక మైకు కాదు, ఎవరి మైకు వాళ్ళకి. ఎనిమిది గొంతులూ ఎనిమిదిగా వస్తాయి."

ఆరుగురూ తలలు వంచుకుని అడుగు గొంతులిద్దరి వైపూ చూడకుండా బయటికి నడిచారు.

వరండాలో నీళ్ళ కుళాయి దగ్గర పెద్దక్క సీసా నింపుకుంటోంది. "మనిద్దరిలో ఎవర్ని పీకుతారో పందెం కడదామా పిల్లా?" అంది.

"నీకు నవ్వెలా వస్తుందక్కా?"

"ఏడిస్తే గొంతు పాడవుతుంది." సీసా మూత బిగించి చిన్నక్క మెడ వైపు చూసింది. "రేపు మైకు ముందు మెడ బిగించకు. ఊపిరి పొట్టలోంచి రానీ. కింది స్వరాలప్పుడు నువ్వు గడ్డం లోపలికి నొక్కుతావు. ఎన్నిసార్లు చెప్పాను?"

చిన్నక్కకు చిర్రెత్తుకొచ్చింది. నోరు మెదపని మనిషి నాకు పాఠాలు చెబుతోంది చూడు అనుకుంది. "సరే అక్కా," అని మాత్రం అంది.

*

ఇంట్లో చిన్నక్క వాళ్ళాయన అప్పటికే వచ్చి ఉన్నాడు. ప్రింటింగ్ ప్రెస్సులో పని, కానీ ఈ మధ్య వారంలో మూడు రోజులే పిలుస్తున్నారు. మిగతా రోజుల్లో ఇంట్లో ఉన్న వస్తువులన్నీ విప్పి బాగుచేస్తున్నాడు, బాగున్నవాటితో సహా. ఇవాళ ఇస్త్రీ పెట్టె వంతు. మరలన్నీ పేపరు మీద వరసగా పేర్చి ఉన్నాయి. పదో తరగతి చదివే కూతురు పక్కనే కూర్చుని లెక్కలు చేసుకుంటోంది.

చిన్నక్క చెప్పులు విడుస్తూనే చెప్పేసింది. ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"నిన్నే ఉంచుతారులే. నువ్వు చిన్నదానివి కదా."

"మేడమ్‌కి పెద్దక్క అంటే గౌరవం. బృందం పెట్టినప్పటి నుంచీ ఉంది ఆవిడ."

"గౌరవానికేం, దండం పెట్టి పంపేస్తే సరి. పాడేవాళ్ళు కావాలి గానీ." ఆయన గొంతు తగ్గించాడు. "మా ప్రెస్సు సంగతి నీకు తెలుసుగా. వచ్చే నెల దాటి ఉంటుందని నాకు నమ్మకం లేదు. నీ ఉద్యోగం ఒక్కటే ఈ ఇంటికి."

ఆ మాట కొత్తది కాదు. కూతురు వింటుండగా అనడమే కొత్త. ఆ పిల్ల తల ఎత్తలేదు గానీ పెన్ను ఆపింది. చిన్నక్క వంటింట్లోకి వెళ్ళి, ఏం చేయడానికి వచ్చిందో మరిచిపోయి, కాసేపు గట్టు పట్టుకుని నిలబడింది. భయమేసింది. ఇన్నాళ్ళూ పెద్దక్క మీద చూపించిన జాలి, ఇప్పుడు తన పిల్ల నోటి దగ్గరి ముద్ద తీసి చూపించినట్టు అనిపించింది.

*

మంగళవారం రికార్డింగు గదిలో ఎనిమిది మైకులు నిలబెట్టారు. గోడలకు మందపాటి దుప్పట్లలాంటివి వేలాడదీశారు. ఎవరి మైకుకు వాళ్ళు జానెడు దూరంలో, ఒకరికొకరు తగలకుండా నిలబడాలన్నాడు రికార్డింగు ఇంజనీరు. అతను మాటకు ముందు మైకు మీద వేలితో తట్టే మనిషి. పెద్దక్క, చిన్నక్కల మధ్య పదమూడేళ్ళలో మొదటిసారి ఖాళీ వచ్చింది.

మూడుసార్లు పాడారు. మూడుసార్లూ ఆ పదకొండు చోట్లా పెద్దక్క పెదాలు కదలడం చిన్నక్క కంటి కొసతో చూసింది. ఇవాళ భుజంతో పని లేదు, కళ్ళు చాలు. ఎనిమిది మైకులున్నాయని తెలిసి కూడా ఇలా చేస్తోందంటే ఏమనుకోవాలి ఈవిణ్ణి అనుకుంది. గడ్డం నొక్కిపెట్టి, ఇద్దరి బరువూ తనే మోసింది.

సాయంత్రం మేడమ్ ఆమెను తన గదికి పిలిచింది. తలుపు వేసి, టీ కప్పు ముందుకు జరిపింది.

"నాకు నిద్ర పట్టట్లేదమ్మా. మీ ఇద్దరిలో ఒకరిని తీసేయమంటే ఎలా? రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. పెద్దావిడనే ఉంచాలని ఉంది నాకు. ఇంకో నాలుగేళ్ళలో ఆవిడే మానేస్తుంది. మీరు బయట ఎక్కడైనా కుదురుకోగలరు. మీకు చెప్పకుండా చేయడం ఇష్టం లేక పిలిచాను."

బయట ఎక్కడ? జీతమిచ్చి ఆడవాళ్ళ అడుగు గొంతును పెట్టుకునేవాళ్ళు ఇంకెవరున్నారు? చిన్నక్క టీ కప్పు పట్టుకోబోయి వదిలేసింది.

"ఆవిడ పాడటం లేదు మేడమ్."

"ఎవరు?"

"పెద్దక్క. కింది స్వరాలు పాడదు. నోరు ఆడిస్తుంది అంతే. ఏడాదిన్నర నుంచి. అవన్నీ నేనొక్కదాన్నే పాడుతున్నాను."

"మీకు ఖాయంగా తెలుసా?"

"ఇంజనీరు దగ్గరుందిగా ఆవిడ మైకు. వినండి."

మాట బయటికి వచ్చేసింది. బస్సులో ఇంటికి వెళుతున్నంతసేపూ, నేను అబద్ధం చెప్పలేదు, ఉన్నదే చెప్పాను అని తనకు తనే చెప్పుకుంటూ కూర్చుంది. దిగాల్సిన చోటు దాటిపోయి రెండు స్టాపులు వెనక్కి నడిచింది.

*

బుధవారం మేడమ్ అందరినీ ఇంజనీరు గదిలోకి పిలిచింది. అద్దానికి ఇవతల ఉన్న చిన్న గది అది. తొమ్మిది మంది ఆడవాళ్ళు పడితే మోకాళ్ళు మోకాళ్ళకు తగులుతున్నాయి.

"పెద్దావిడ మైకు ఒక్కటే పెట్టు," అంది మేడమ్.

పెద్దక్క గొంతు గదిలోకి వచ్చింది, తోడు లేకుండా, నిండుగా. అడుగు చోటు వచ్చింది. గొంతు ఆగిపోయింది. ఊపిరి చప్పుడూ, దూరం నుంచి తక్కిన వాళ్ళ పాట సన్నగా వినబడటం తప్ప ఏమీ లేదు. మళ్ళీ గొంతు వచ్చింది. మళ్ళీ అడుగు చోటు, మళ్ళీ ఖాళీ. నాలుగోసారికి పిట్ట చేత్తో నోరు మూసుకుంది. మేడమ్ చెయ్యి ఎత్తింది. ఇంజనీరు ఆపేశాడు.

"పాడలేకపోతున్నారా?"

"గొంతు సహకరించట్లేదండి," అంది పెద్దక్క.

"నాకు ఒక్క మాట చెప్పొచ్చుగా. ఏడాదిగా నేను వీళ్ళందర్నీ తిడుతున్నాను." మేడమ్ శ్రుతిదండం తీసి మోకాలికి కొట్టింది. "ఇప్పుడు ఇక్కడ ఆ స్వరం ఒకసారి పాడండి. ఒక్కసారి. పలికితే నేను వేరే ఆలోచిస్తాను."

దండం సన్నగా మోగి మోగి ఆగిపోయింది. పెద్దక్క నేల చూస్తూ నిలబడింది.

"ఎందుకులెండి. దొరికిపోయాను కదా."

చేతిసంచి తీసుకుని, మోకాళ్ళను దాటుకుంటూ బయటికి వెళ్ళింది. తలుపు మెల్లగా వేసింది. మేడమ్ ఆ వెనకే బయటికి వెళ్ళింది, తక్కిన వాళ్ళు కూడా ఒక్కొక్కరే లేచారు. లేస్తూ చిన్నక్క వైపు ఒక చూపు చూసి వెళ్ళారు. ఎవరు చెప్పి ఉంటారో లెక్క కట్టడానికి వాళ్ళకు ఎంతసేపు పడుతుంది?

ఉద్యోగం నిలిచింది. ఇంటికి ఫోన్ చేసి చెప్పాలనుకుంది చిన్నక్క, చెయ్యి లేవలేదు.

"మీరు ఉండండి," అన్నాడు ఇంజనీరు. "ఆవిడ లేని చోట్ల మీరొక్కరే కదా. అవి సర్దాలి. వినండి ఒకసారి." హెడ్‌ఫోన్లు ఇచ్చాడు.

పదమూడేళ్ళుగా పాడుతున్నా, తన గొంతు ఒక్కటీ విడిగా ఆమె ఎప్పుడూ వినలేదు. ఎప్పుడూ ఎనిమిదిలో ఒకటిగానే విన్నది. మొదట్లో బాగానే ఉందనిపించింది. అడుగు చోటు వచ్చింది. ఇంజనీరు తెర మీద ఒక గీతను వేలితో చూపించాడు.

"ఇక్కడ ఒక వెంట్రుకవాసి కిందికి జారింది. పర్వాలేదు, మామూలే. ఇదిగో ఇక్కడ మళ్ళీ. ప్రతిసారీ ఆ చోట్లలోనే జారుతోంది మీకు. అడుగు జారితే పైవాళ్ళు దాన్ని పట్టుకునే కదా పాడతారు, వాళ్ళూ వచ్చేస్తున్నారు వెనకే. చివరికి వచ్చేసరికి చూడండి, అందరూ కింద తేలారు."

చిన్నక్క తెర వైపు చూడలేదు. వింది. రెండో చోటు, మూడో చోటు. గడ్డం నొక్కినప్పుడు వచ్చే ఆ బిగిసిన గొంతు. స్వరం నిలబడలేక జారుతోంది. పదకొండూ వింది.

"కంగారు పడకండి," అన్నాడు ఇంజనీరు, ఆమె ముఖం చూసి. "మొత్తాన్నీ మిషన్లో కాస్త లేపేస్తాను, ఎవరికీ తెలీదు. ఆవిడ పాడకపోవడం ఒకందుకు మంచిదే అయింది. అదే చోట ఆవిడ సరిగ్గా పాడి, మీరు ఇలా జారి ఉంటే రెండూ కొట్టుకునేవి. గదిలో ఉన్న ప్రతివాళ్ళకీ వినపడేది, ఇదిగో ఈవిడే అని వేలెత్తి చూపించేవాళ్ళు. మిషన్లో కూడా ఏం చేయలేం అప్పుడు."

అతను చెప్పింది పని గురించి. అతనికి వేరే ఏమీ తెలియదు.

చిన్నక్క హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. ఏడాదిన్నర క్రితం ఒక కచేరీలో అడుగున స్వరాలు కొట్టుకున్నాయి. తెర దించాక మేడమ్ అగ్గిలా వచ్చి ఎవరది అని అడిగింది. చిన్నక్క నోరు విప్పేలోపే పెద్దక్క చెయ్యి ఎత్తి నేనేనండీ, పొరపాటైంది అంది. అవును, ఈవిడే అయ్యుంటుంది అని చిన్నక్క కూడా నమ్మింది. పక్క భుజంలో వణుకు ఆగిపోయింది ఆ మర్నాటి నుంచే.

"లేపేయనా?" అన్నాడు ఇంజనీరు.

"ఆగండి. దేన్నీ ముట్టుకోకండి," అని చెప్పి బయటికి పరుగెత్తింది.

పెద్దక్క మెట్ల దగ్గర బెంచీ మీద కూర్చుని చెప్పుల పట్టీ పెట్టుకుంటోంది. పట్టీ రంధ్రంలోకి పోవడం లేదు.

"అక్కా, ఆ స్వరం ఒకసారి పాడు."

"వెళ్ళి పని చూసుకో."

"నా మైకు విన్నాను."

పెద్దక్క చేతులు ఆగాయి. "వినకుండా ఉండాల్సింది," అంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే భయపడేదానివి. భయపడితే ఇంకా జారుతుంది. మెడ వదులు, గడ్డం ఎత్తు అని చెబుతూనే ఉన్నాగా, నాలుగు నెలల్లో నువ్వే సర్దుకుంటావనుకున్నాను. సర్దుకోలేదు. తర్వాత చెప్పాలంటే నాకు మొహం చెల్లలేదు. నా మూలాన ఆ ఆరుగురూ ఏడాది పాటు తిట్లు తిన్నారు, అదేం చిన్న తప్పు కాదు."

"మేడమ్‌కి చెప్పింది నేనే."

"తెలుసు. నీకు తప్ప ఇంకెవరికి తెలుసు?" పెద్దక్క గొంతులో కోపం లేదు, అది ఇంకా నరకంగా ఉంది. "మీ ఆయన ప్రెస్సు సంగతి విన్నాను. నాకేముంది, నేనొక్కదాన్ని. నువ్వు చెప్పినదాంట్లో అబద్ధం లేదు, నేను పాడలేదు. ఇక లోపలికి వెళ్ళు. ఆ అబ్బాయి మిషన్లో సర్దేస్తాడు, నాకు తెలుసు వాళ్ళ పని."

చిన్నక్క నిలబడింది. ఇస్త్రీ పెట్టె మరలు, ఆగిన పెన్ను కళ్ళ ముందు మెదిలాయి. వెళ్ళి నోరు మూసుకుంటే చాలు, ఈ లోకంలో ఎవరూ ఏమీ అడగరు. పెద్దక్క కూడా అడగదు. అక్కడే ఇంకో నిమిషం నిలబడితే ఆ పనే చేస్తానని ఆమెకు భయమేసింది. వెనక్కి తిరిగి మేడమ్ గది తలుపు తట్టకుండానే తోసింది.

"ఇంజనీరు గదిలోకి రండి మేడమ్. నా మైకు ఒక్కటే పెట్టి వినండి. అందరినీ పిలవండి."

అందరూ వచ్చారు. విన్నారు. నాలుగు చోట్ల కాదు, పదకొండు చోట్లా. మధ్యలో మేడమ్ ఆపమని చెయ్యి ఎత్తితే చిన్నక్కే కానివ్వమంది. పిట్ట, మేడమ్ చేత తాను తిన్న తిట్లన్నీ గుర్తొచ్చినట్టు కాసేపు కోపంగా చూసి, తర్వాత చూపు తిప్పుకుంది. చిన్నక్కకు పారిపోవాలనిపించింది, పారిపోలేదు.

ఎప్పుడు వచ్చిందో పెద్దక్క తలుపు దగ్గర నిలబడి ఉంది. ఒక కాలి చెప్పు పట్టీ ఊడి వేలాడుతోంది. ఇప్పుడు వచ్చింది ఆవిడకు కోపం.

"ఏడాదిన్నర నేను నోరు మూసుకు కూచున్నది దీని కోసమా?" అంది.

మేడమ్ శ్రుతిదండం చేతిలో తిప్పుతూ కూర్చుంది. చివరికి మోకాలికి కొట్టి, లేచి వెళ్ళి పెద్దక్క చెవి దగ్గర పెట్టింది. ఈసారి పెద్దక్క తప్పించుకోలేకపోయింది. నోరు తెరిచింది. ఆ స్వరం ఎక్కడా వణకకుండా, జారకుండా, దండం మోగి ఆగిపోయాక కూడా అలాగే నిలబడింది.

*

గురువారం మళ్ళీ రికార్డింగు. మేడమ్ నిర్ణయం పొద్దున్నే చెప్పేసింది. వచ్చే ఏడు నుంచి అడుగు గొంతు పెద్దక్కది. ఈ పాట పూర్తయ్యే వరకు ఇద్దరూ ఉంటారు, తక్కిన చోట్ల ఊపిరికి ఇద్దరు కావాలి కాబట్టి. పదకొండు చోట్లలో మాత్రం పెద్దక్క ఒక్కతే పాడుతుంది.

ముందు రోజు సాయంత్రం ఇంట్లో చిన్నక్క సంగతంతా చెప్పింది. ఆయన కాసేపు తల పట్టుకున్నాడు. "చెప్పకుండా ఉంటే ఏం పోయేది?" అన్నాడు. కూతురు మాత్రం, "మరి రేపు కూడా వెళ్ళాలా అమ్మా, అందరి ముందూ?" అంది. వెళ్ళాలంది చిన్నక్క.

వచ్చింది. తన మైకు ముందు నిలబడింది. పెద్దక్క పొద్దుటి నుంచి ఆమెతో మాట్లాడలేదు. కాగితాలు అందుకునేటప్పుడు మాత్రం, ఇటు చూడకుండానే, "గడ్డం," అంది. చిన్నక్క గడ్డం ఎత్తింది.

మేడమ్ చెయ్యి కదిలింది. పాట మొదలైంది. పై గొంతులు లేచాయి, మధ్య గొంతులు చేరాయి. ఇద్దరూ వంతులవారీగా ఊపిరి తీసుకుంటూ కలిసి దిగారు, ఎప్పటిలాగే. మొదటి చోటు దగ్గరికి వచ్చింది. చిన్నక్క పెదాలు మూసుకుంది.

పక్క నుంచి పెద్దక్క స్వరం వచ్చింది. పైన ఏడాదిగా దిగుతూ వచ్చిన ఆరు గొంతులు దాని మీద కుదురుగా నిలబడ్డాయి. చిన్నక్కకు ఏడుపు తన్నుకొచ్చింది. ఎదురుగా మైకు ఉంది, చిన్న చప్పుడైనా పట్టేస్తుంది. మింగేసింది. ఆ చోటు దాటగానే నోరు తెరిచి తన వంతు స్వరాన్ని అందుకుంది.

ఇంకా పది చోట్లున్నాయి.